అందరి తరఫునా వదిన రాసిన పరీక్ష

ఏడో తరగతి గదిలో ఆడపిల్లలందరూ ఒకేసారి ట్యాబులు తెరిచారు. ఒకేసారి చేతులెత్తారు.

"టీచర్, నాకు 'మీ పరీక్ష ముగిసింది, ధన్యవాదాలు' అని వచ్చింది."

"నాకూ అదే టీచర్."

"నేనింకా మొదలే పెట్టలేదు, దీనికి ధన్యవాదాలెందుకు?" అంది గలగల. నోరు మూతపడదని ఆ పిల్లకి క్లాసు పెట్టిన పేరది.

గోడవారగా నిలబడ్డ బేరాలమ్మ ముందుకొచ్చింది. గబగబా ఒక ట్యాబు అందుకుని చూసింది. ఇంకోటి చూసింది. మూడోది చూడాల్సిన పని లేకపోయింది. ఈ క్లాసులో ఒక్క పిల్ల కూడా రాయని పరీక్ష, ఈ క్లాసులో అందరి పేరు మీదా రాసి ఉంది. ఒక్కొక్కరికీ ఒక్కటే అవకాశం. అది అయిపోయింది.

ఆమె నల్లబల్ల వైపు చూసింది. అక్కడ లెక్కల టీచరు, అంటే బేరాలమ్మ అన్నగారి భార్య, చేతిలో చాక్‌పీసుతో నిలబడి కళ్ళు చికిలించి ఈ గోలేమిటా అని చూస్తోంది.

"వదినా, నిన్న ఆదివారం నేను మీ ఇంటినుంచి వెళ్ళాక ఏం చేశావు?"

"నువ్వు చెప్పిందే చేశా. అందరి పేర్లతో లోపలికి వెళ్ళి రాసి చూశా. ప్రతిసారీ ధన్యవాదాలు చెప్పింది. ఎంత మర్యాద తెలుసో మీ మెషీన్‌కి!"

బేరాలమ్మని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇంటా బయటా ఎవరూ మిగల్లేదు. తండ్రి స్టీలు సామాన్ల కొట్లో, గల్లాపెట్టె పక్కన పెరిగిన మనిషి. గిన్నె కోసం వచ్చినవాళ్ళకి మూత, మూత కోసం వచ్చినవాళ్ళకి గరిటె అంటగట్టి పంపేది. కొట్టు మూతపడ్డాక, బడులకి డిజిటల్ క్లాసులు అమర్చే కంపెనీ ఒకటి ఆమె నోరు చూసి ఉద్యోగమిచ్చింది. ఊరూరా తిరిగి టీచర్లకి ఆ తెర వాడటం, ఆన్‌లైన్లో పరీక్షలు పెట్టడం నేర్పాలి. ఆమెకి టీచర్లంటే గిరాకీలే. మొదటిరోజే "అబ్బ, భలే ఉందండీ" అనేవాళ్ళు ఉత్తినే చూసిపోయే రకం, వాళ్ళ మీద ఎక్కువ ఊపిరి ఖర్చుపెట్టేది కాదు. "ఇదెందుకండీ మా ప్రాణానికి" అని విసుక్కునేవాళ్ళ దగ్గర కూర్చునేది. బేరమాడేవాళ్ళే కొంటారని ఆమెకి కొట్లో తెలిసిన సంగతి.

వదిన ఈ రెండు రకాల్లోనూ చేరదు. నేర్చుకోవాలని ఆశ ఉంది, చెయ్యే సహకరించదు. చాక్‌పీసు పట్టుకుంటే కంపాసు లేకుండా గుండ్రటి సున్నా చుట్టే చెయ్యి, తెర మీదకి రాగానే వేడి పెనం ముట్టుకున్నట్టు వెనక్కి వచ్చేది. పిల్లల హాజరు ఆన్‌లైన్లో పెట్టడం తెలియక ఒక నెల ఖాళీగా వదిలేసినందుకు ఆమె పేరు పక్కన ఒక ఎర్ర గుర్తు పడింది. తన క్లాసు మార్కులు పక్క క్లాసు గడుల్లో వేసినందుకు రెండోది. మూడోది పడితే టీచరు అకౌంటు మూసేస్తారు. అకౌంటు లేని టీచరు క్లాసులోకి రాకూడదు, స్టోరు గదిలో విరిగిన బల్లలూ కుర్చీలూ చూసుకుంటూ రిటైరయ్యేదాకా కూర్చోవాలి.

ఆ మూడో గుర్తు పడకుండా చూడటానికే బేరాలమ్మ కంపెనీవాళ్ళని బతిమాలి ఈ బడిని తన వంతుకి వేయించుకుంది. మిగతా టీచర్లందరికీ బడిలోనే పద్ధతిగా నేర్పింది. వదిన మాత్రం, "అందరి ముందూ నా తడబాటు నాకే సిగ్గు, ఇంటికొచ్చి చెప్పవే" అంది. సరే, ఇంటి మనిషే కదా అని బేరాలమ్మ ఆదివారం వెళ్ళింది. వంటింటి గట్టు మీద ట్యాబు నిలబెట్టి, ఒక చేత్తో అన్నం తింటూ, ఒక చేత్తో చూపించింది. "ఇదిగో, ఒక పిల్ల పేరుతో లోపలికెళ్ళు. పిల్లకి ఎక్కడ ఇరుక్కుంటుందో నీకే తెలుస్తుంది." ఇంతలో వేరే బడి నుంచి ఫోను. మాట్లాడుతూనే చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. లోపలికి పంపేముందు 'అసలు' అన్న మీటని 'ప్రాక్టీసు' వైపు జరపాలి. బడిలో ప్రతి టీచరుకీ ముందు అదే జరిపి చూపించిన మనిషి, సొంత వదిన దగ్గర మర్చిపోయింది. బయటి గిరాకీ అయితే రెండుసార్లు సరిచూసి కట్టేది. ఇంట్లోవాళ్ళకి కాబట్టి కంటితోనే తూచి ఇచ్చేసింది.

"ఒకరిద్దరి పేర్లతో చూస్తావనుకున్నా వదినా. క్లాసంతా రాస్తావని నేననుకుంటానా?" వరండాలోకి లాక్కొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"ఒకరికి చూసి ఇంకొకరికి చూడకపోతే ఎట్లా? రేపు ఎవరికేం వస్తుందో!"

"పోనీ, అన్నీ కరెక్టుగా పెట్టావా?"

వదిన మొహంలో కొంచెం గర్వం లాంటిది కనబడింది. "అన్నీ కరెక్టు పెడితే మీ మెషీన్ తప్పు పట్టగలదో లేదో నాకెట్లా తెలుస్తుంది? తప్పు పట్టడం రాని దానికి పిల్లల్ని అప్పజెప్పమంటావా? ఎవరు ఎక్కడ తప్పు చేస్తారో, అక్కడే ఆ తప్పే చేశా. గలగల ప్రశ్న సగం చదివి జవాబు పెట్టేస్తుంది, నేనూ అట్లాగే పెట్టా. ముందు బల్ల మీద కవలలున్నారే, పెద్దది ఏది పెడితే చిన్నది అదే పెడుతుంది. సున్నాలు మింగే పిల్లకి సున్నాలు మింగా."

బేరాలమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అందరికీ పూర్తి మార్కులు వచ్చి ఉంటే ఇదేదో గోల్‌మాల్ అని పైవాళ్ళకి ఇట్టే తెలిసేది, రద్దు చేసేవాళ్ళు. ఇది అట్లా కాదు. అచ్చం పిల్లలు రాసినట్టే ఉంది. ఏ కంటికీ దొరకదు.

హెడ్ మేడం గదిలో ఫాను కిర్రుమంటూ తిరుగుతోంది. ఆవిడ ఎదురుగా కూర్చుని బేరాలమ్మ కంపెనీ సహాయ కేంద్రానికి ఫోను చేసింది. చాలాసేపు పాట వినిపించాక ఒక మగ గొంతు పలికింది.

"మీ ఓపికకి ధన్యవాదాలు మేడం. చెప్పండి."

"నా ఓపిక సంగతి తర్వాత బాబూ. పిల్లలు రాయకుండానే పరీక్ష అయిపోయినట్టు చూపిస్తోంది. టీచరు ప్రాక్టీసు చేస్తే అది అసల్లో పడింది. మళ్ళీ తెరిపించాలి."

"మధ్యాహ్నం భోజనం గంట వేళకి మార్కులు వాటంతటవే పైకి వెళ్ళిపోతాయి మేడం. ఆలోపే అయితే రద్దు చేయొచ్చు. కానీ క్లాసు టీచర్ అకౌంట్ నుంచే నొక్కాలి. నొక్కగానే ఎంక్వైరీ అయ్యేవరకూ ఆ అకౌంట్ ఆగిపోతుంది." అవతల ఏదో టైపు చేసిన చప్పుడు. "ఈ టీచర్‌కి ఇప్పటికే రెండు రెడ్లు ఉన్నాయి మేడం. ఇది మూడోది అవుతుంది. అంటే, ఇంక ఎంక్వైరీ కూడా ఉండదు."

"ఆమెది కాదు తప్పు. మీట జరపనిది నేను, ట్రైనర్ని. నా పేరు రాసుకో."

"రాసుకోమంటే రాసుకుంటా మేడం. కానీ కారణం దగ్గర మూడే ఆప్షన్లు ఉన్నాయి. టీచర్, విద్యార్థి, నెట్‌వర్క్. ట్రైనర్ అని లేదు."

"లేకపోతే పెట్టు!"

"నా చేతిలో లేదు మేడం. ఇంకేమైనా సహాయం కావాలా?"

బేరాలమ్మ ఫోను పెట్టేసింది. కొట్లో ఉన్నన్నాళ్ళూ ఎవరిది ఎవరి ఖాతాలో పడిందో సాయంత్రానికి సరిచేయకుండా నిద్రపోయిన ఇల్లు కాదు వాళ్ళది. ఇక్కడ తన తప్పు తన పేరు మీద వేసుకుంటానన్నా, వేయడానికి చోటే లేదు.

హెడ్ మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పిల్లలు రాసినా ఇవే మార్కులొస్తాయని మీ వదినగారు అంటున్నారుగా. మరింకేం? గంట కొట్టేదాకా ఊరుకోండి. సర్వర్ పని చేయలేదు, పోయినవారం రాసినవే లెక్కలోకి తీసుకున్నారని పిల్లలకి నేను చెప్తా."

ఆ మాట బేరాలమ్మకి చల్లటి నీళ్ళు తాగినట్టనిపించింది. నాన్న సొట్టపడ్డ బిందెల్ని సొట్ట గోడవైపుకి తిప్పి పెట్టేవాడు. అబద్ధం ఎప్పుడూ ఆడలేదు, తిప్పి పెట్టాడంతే. కొన్నవాళ్ళు అందులో నీళ్ళు పట్టుకున్నారు, తాగారు, ఎవరూ చెడిపోలేదు. ఇక్కడ మాత్రం ఎవరికి నష్టం? పిల్లలకి రావాల్సింది వస్తుంది. వదిన క్లాసు వదినకి ఉంటుంది. తన ఉద్యోగం తనకుంటుంది. ఎటునుంచి ఎటు వేసి చూసినా లెక్క సరిపోతోంది.

క్లాసుకి తిరిగొచ్చేసరికి, పిల్లలు ఊరికే కూర్చోకుండా వదిన నల్లబల్ల మీద లెక్కలు వేసి ఒక్కొక్కరినీ పిలుస్తోంది. వేసిన లెక్కలు పరీక్షలోవే. బేరాలమ్మ గుమ్మంలో ఆగింది. వదిన ఆమె వైపు ఓరగా చూసి, గలగలని లేపింది.

గలగల వస్తూ వస్తూనే జవాబు చెప్పేసింది, తప్పు.

"ప్రశ్న పూర్తిగా చదివావుటే?"

"చదివా టీచర్, మొదటి లైను."

క్లాసంతా నవ్వింది. వదిన, చూశావా అన్నట్టు బేరాలమ్మకి కనుబొమ్మలెగరేసింది. కవలల్లో పెద్దది చెప్పింది, చిన్నది తల ఊపింది. సున్నాలు మింగే పిల్ల నల్లబల్ల దగ్గరికొచ్చి బుద్ధిగా ఒక సున్నా మింగి వెళ్ళి కూర్చుంది. ఒక్కొక్క పిల్లా వచ్చి, నిన్న వంటింట్లో వదిన తన తరఫున ఏం రాసిందో అదే రాసి పోతోంది. బేరాలమ్మ గుమ్మానికి ఆనుకుంది. సరుకు సరిచూసుకుంటున్నంత హాయిగా ఉంది ఆమెకి. అన్నీ కలుస్తున్నాయి.

"టీచర్, కిటికీని పిలవలేదు," అంది గలగల.

కిటికీ అంటే చివరి బల్లలో కిటికీ పక్కన కూర్చునే పిల్ల. పిలిచినా పలకదు. లెక్క అడిగితే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. క్లాసంతటికీ వదిన రాసిన పరీక్షల్లో, అన్నిటికంటే అడుగున పడ్డది ఆ పిల్లదే. సిస్టమ్ అడుగున పడ్డవాళ్ళని ఏరి 'పునాది విభాగం' అనే దాంట్లో వేస్తుంది. బడిలో అందరూ దాన్ని వెనక గది అంటారు. కూడికలు, తీసివేతలు తప్ప అక్కడ ఏమీ చెప్పరు. అందులోకి వెళ్ళిన పిల్ల మళ్ళీ ముందు గదుల్లోకి వచ్చిన దాఖలా లేదు.

"దాన్నెందుకే ఏడిపించడం," అంది వదిన.

కిటికీ పిల్ల అప్పటికే లేచింది. వచ్చి చాక్‌పీసు తీసుకుంది. నల్లబల్ల మీద లెక్క ఇది: తొట్టిలో మూడో వంతు నీళ్ళున్నాయి, ఇంకో నాలుగు బిందెలు పోస్తే సగమైంది, మొత్తం తొట్టికి ఎన్ని బిందెలు? ఆ పిల్ల ఒక తొట్టి బొమ్మ గీసింది. అడ్డంగా గీతలు కొట్టింది. పక్కన ఇరవై నాలుగు అని రాసి, చాక్‌పీసు వదినకి తిరిగి ఇవ్వబోయింది.

వదిన అందుకోలేదు. "ఎట్లా వచ్చింది?"

"ఆరు అరలు చేశా టీచర్. మూడో వంతంటే రెండు అరలు. సగమంటే మూడు. మధ్యలో ఒక్క అర ఉంది, నాలుగు బిందెలూ దానికే."

వదిన బల్ల తుడిచి ఇంకోటి వేసింది. అదీ చేసింది. ఇంకా కష్టమైంది వేసింది. కొంచెం ఆలస్యమైంది, కానీ చేసింది. గలగల కూడా నోరు మూసుకుంది.

"ఎప్పట్నించే నీకివన్నీ వస్తున్నాయి?"

"చాన్నాళ్ళయింది టీచర్. ఇంటి దగ్గర మా అత్త చెప్తుంది."

"మరి నాకు చెప్పలేదేం తల్లీ?"

"మీరు నన్ను అడగట్లేదు కదా టీచర్."

వరండాలో వదిన చాక్‌పీసు చేత్తోనే గోడకానుకుని నిలబడింది. బేరాలమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. మధ్యాహ్నం గంట కొట్టడానికి అటెండరు చెట్టు కింద నుంచి లేచి ఒళ్ళు విరుచుకుంటున్నాడు.

"ఆ తొట్టి లెక్కకి దాని తరఫున ఏడని పెట్టానే," అంది వదిన. "కనబడ్డ అంకెలన్నీ కూడేస్తుందిలే అని, మూడూ నాలుగూ ఏడు. ఏడుస్తుందని జాలిపడి అడగడం మానేశా. ఎన్నాళ్ళ కిందటి పిల్లనో పట్టుకుని ఇవాళ్టి పిల్లంటూ రాసేశా."

"వదినా, నా మాట విను. ఒక్క పిల్ల. ఒక్కటంటే ఒక్కటి. మిగతా క్లాసంతా నువ్వు రాసినట్టే ఉంది, నా కళ్ళతో చూశా."

"అవును, ఒక్క పిల్లే."

"తర్వాత హెడ్ మేడంతో చెప్పి దాన్ని ముందు గదిలోకి తెప్పిద్దాం. నేను తెప్పిస్తా. నా బేరం సంగతి నీకు తెలుసుగా."

"వెనక గది నుంచి ఇప్పటిదాకా ఎవర్ని తెప్పించావు? ఒక్కరి పేరు చెప్పు."

అయినా బేరాలమ్మ వదల్లేదు. ఎదుటివాళ్ళు కొట్టు మెట్లు దిగి పోతున్నా వెనక్కి పిలిచి బేరం కుదిర్చిన మనిషి. "అన్నయ్య సంగతి ఆలోచించు. స్టోరు గదిలో కూర్చుంటే ఒక్కవారం బతకలేవు నువ్వు. పిల్లల్లేకుండా నీకు అన్నం సహిస్తుందా? ఆదివారాలే నువ్వు పిచ్చిదానిలా తిరుగుతావు. నా వల్ల కదా ఇదంతా, నా మొహం చూసైనా. వదినా, కాళ్ళు పట్టుకుంటా." అంటూనే కిందికి వంగింది.

"లేవవే. పిల్లలు చూస్తే నవ్వుతారు."

"ఈ ఒక్కసారికి!"

"నువ్వు లెక్కలన్నీ బాగానే వేస్తావు బేరాలమ్మా," అంది వదిన, నెమ్మదిగా ఆమె వేళ్ళు విడిపించుకుంటూ. "నష్టమంతా ఎవరి మీద పడుతోందో చూడు. మనిద్దరికీ ఒక్క పైసా లేదు. హెడ్ మేడంకి లేదు, మీ కంపెనీకి లేదు. మొత్తం పోగేసి, ఒక్క మాట కూడా మాట్లాడని దాని నెత్తిన పెట్టాం. మాట్లాడదు కాబట్టే పెట్టగలిగాం."

బేరాలమ్మ చేతిలో ఉన్న వదిన ట్యాబుని ఛాతీకి అదిమి పట్టుకుంది, ఇవ్వనన్నట్టు. చిన్నప్పుడు కొట్లో తనకిష్టమైన గ్లాసు ఎవరైనా బేరమాడితే అట్లాగే పట్టుకునేది. వదిన చెయ్యి చాపి నిలబడింది, హోంవర్కు పుస్తకం కోసం పిల్ల ముందు నిలబడ్డట్టు. అటెండరు గంట దగ్గరికి నడుస్తున్నాడు.

ఇచ్చేసింది.

ఇన్నాళ్ళూ వదిన ప్రతి మెట్టు దగ్గరా ఆగి అడిగేది. ఇక్కడ నొక్కనా? ఇప్పుడేమైంది? పాడు చేశానా? బేరాలమ్మ ఆ ప్రశ్న కోసం ఎదురుచూసింది. అడిగితే తప్పు చోటు చూపించాలని కూడా మనసులో అనుకుంది. వదిన అడగలేదు. తన పేరు కొట్టింది, పాస్‌వర్డు కొట్టింది. క్లాసు తెరిచింది. పై మూలనున్న మూడు చుక్కలు నొక్కింది, ఎంతమందికి చూపించినా ఎవరికీ గుర్తుండని ఆ మూడు చుక్కలు. మొత్తం రద్దు. కారణం: టీచర్. 'ఖచ్చితంగా చేయాలనుకుంటున్నారా?' అని తెర అడిగింది. అవును. చెయ్యి ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. వంటింట్లో నేర్పింది ఒక్కటీ మర్చిపోలేదు.

తెర తెల్లబడింది. ఆ వెంటనే గంట మోగింది.

లోపలి నుంచి గలగల అరిచింది. "టీచర్! తెరుచుకుంది! ధన్యవాదాలు పోయింది!" వదిన గుమ్మం దాటబోయింది. ఆ పిల్లే మళ్ళీ ట్యాబులోకి చూసి అంది, "టీచర్, పైన 'ఈ తరగతికి టీచర్ లేరు' అని రాసుంది. మరి మీరెవరు టీచర్?"

వదిన ఎత్తిన అడుగు వెనక్కి తీసుకుంది. బేరాలమ్మ భుజం మీద చెయ్యి వేసి లోపలికి నెట్టింది. "పో. ట్రైనర్ ఉండొచ్చుగా. ఎవరో ఒకరు పెద్దవాళ్ళు ఉండాలి."

భోజనం గంట దాటినా పిల్లలెవరూ కదల్లేదు. పరీక్ష మొదలైంది. ప్రశ్నలు మారాయి, తొట్టి లెక్క లేదు. బేరాలమ్మ బల్లల మధ్య తిరుగుతోంది. ఏ పిల్ల ఎక్కడ తప్పుతుందో ఆమెకి తెలియదు. ఒక్క పేరు కూడా సరిగ్గా రాదు. తిరిగి ఏం చూడాలో కూడా తెలియకుండా తిరిగింది. ఆమె ఉద్యోగం చెక్కుచెదరలేదు. కంపెనీ దగ్గర ఆమె పేరు పక్కన ఏ రంగు గుర్తూ లేదు, ఉండదు కూడా. వేయడానికి చోటు లేదుగా. ఈ బడి దగ్గర 'శిక్షణ పూర్తి' అని కూడా వచ్చేస్తుంది సాయంత్రానికి. జీవితంలో ఇంత శుభ్రంగా బయటపడ్డ బేరం ఆమెకి ఇంకోటి లేదు. దాన్ని ఎక్కడికి తీసుకెళ్ళి పారేయాలో తెలియడం లేదు.

చివరి బల్ల దగ్గర కిటికీ పిల్ల ఆగిపోయింది. నొక్కుతోంది, తెర కదలడం లేదు. మళ్ళీ నొక్కుతోంది. ఆ కళ్ళలో నీళ్ళు ఊరడం చూసి బేరాలమ్మ అటు పరుగెత్తింది. ఏం చెప్పాలో తెలిసిన మనిషే, బోలెడుమందికి చెప్పిన సంగతే. వంగి తెర వైపు వేలు చాపింది.

కిటికీ ఊచల అవతల నుంచి మాట వినిపించింది. వదిన వరండాలోనే ఉంది. వెళ్ళలేదు. చేతిలో చాక్‌పీసు ఇంకా అట్లాగే ఉంది.

"ఒక్కసారి నొక్కి ఆగు తల్లీ. రెండోసారి నొక్కితే వెనక్కి పోతుంది. అది నెమ్మదిగా వస్తుంది, తొందరపెట్టకు."

పిల్ల వేలు ఎత్తి పట్టుకుని ఆగింది. తెర మీద చిన్న చక్రం తిరిగింది, తిరిగింది, తర్వాత ప్రశ్న వచ్చింది. ఆ పిల్ల చదవడం మొదలుపెట్టింది.

బేరాలమ్మ తలెత్తేసరికి హెడ్ మేడం వదిన పక్కన నిలబడి ఉంది. చేతిలో స్టోరు గది తాళంచెవులు. "ఇక్కడ ఉండకూడదండీ," అంటోంది, గట్టిగా కాదు. వదిన తల ఊపింది. చాక్‌పీసు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసింది. చివరికి ఊచల మధ్యనుంచి చెయ్యి లోపలికి చాపి కిటికీ గట్టు మీద పెట్టి, ఆవిడ వెనకే నడిచింది.